అనుపు లేని భయం

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. భయం పోకడను కూడా ఆ వరసలో చేర్చవలసింది. కరోనా భయం వచ్చిన రోజు అందరికీ గుర్తే: 2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. పగలంతా తలుపులు మూసుకుని కూర్చుని, సాయంత్రం ఐదింటికి గుమ్మాల్లోకి వచ్చి కంచాలూ గరిటెలూ మోగించాం. అంత సందడిగా వచ్చిన భయం ఏ రోజు వెళ్లిందో చెప్పమంటే మాత్రం ఎవరి దగ్గరా తేదీ లేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. మర్నాడు విజయనగరం గంటస్తంభం దగ్గర మామిడిపళ్లు బేరమాడేవాళ్లలో ఆ మాట ఎత్తినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నది అనుమానమే. ప్రకటనకు చాలా ముందే వాళ్ల మటుకు అది ముగిసిపోయింది. ఎప్పుడని అడిగితే వాళ్లూ చెప్పలేరు. తలుపు వెనక మేకుకు తగిలించిన మాస్కు ఒకనాడు అక్కడే ఉండిపోయింది. దాన్ని మరిచిపోయిన సంగతి కూడా మరిచిపోయాం.

ఈ మరుపును వివేకమనాలో అవివేకమనాలో తేల్చడం అంత సులువు కాదు. అసలు రోగానికీ భయానికీ లెక్క ఎన్నడూ సరిగ్గా కుదరలేదు. 2020 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఒక చిత్రమైన గౌరవం దక్కింది. అప్పటికి రాష్ట్రంలో ఉన్నవి పదమూడు జిల్లాలు. పదకొండింట్లో కేసులున్నాయి, ఈ రెండింట్లో లేవు. ఏప్రిల్ 25న శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మండలంలో తొలి కేసులు బయటపడ్డాయి. విజయనగరం మే మొదటి వారం దాకా ఆగింది. రోడ్లలో, రైళ్లలో, పరిశ్రమల్లో ఎప్పుడూ వెనకబడ్డారనిపించుకున్న జిల్లాలకు ఒక్క విషయంలో వెనకబాటు కలిసొచ్చింది. రోజూ బులెటిన్‌లో రెండు సున్నాలను చూసుకుని మురిసిపోయాం. ఆ మురిపెం అడుగునే, సున్నా ఏ పూట చెరిగిపోతుందోనన్న గుబులు కూర్చుని ఉండేది.

రోగం అడుగైనా పెట్టని ఆ నెల రోజుల్లోనే భయం నిండుగా ఉంది. ఊరి మొగల్లో ముళ్లకంపలు పడ్డాయి. పొరుగూరి చుట్టం సరిహద్దులో నిలబడి ఫోనులో పలకరించి వెనక్కి వెళ్లాడు. ఉత్తరాంధ్ర అంటేనే వలసల నేల. ప్రతి ఊరికీ హైదరాబాదులోనో, చెన్నైలోనో, విజయవాడలోనో తాపీ పట్టిన మనుషులుంటారు. గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుపడిన మన మత్స్యకారులు ఏప్రిల్ చివర బస్సుల్లో బయల్దేరి, దేశం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి, సొంత ఊరి పొలిమేరలో క్వారంటైన్‌లో కూర్చున్నారు. అంతకు కొన్ని నెలల ముందే, 2020 జనవరిలో, ఇదే తీరం నుంచి వెళ్లి, పొరపాటున సముద్రపు సరిహద్దు దాటి, పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా గడిపిన 20 మంది వాఘా దగ్గర విడుదలయ్యారు. జైలు నుంచి వచ్చినవాళ్లను దండలతో ఎదుర్కొన్న తీరం, బస్సు దిగినవాళ్లను చూసి పది అడుగులు వెనక్కి వేసింది. ఎవరినీ తప్పుపట్టలేం. జైలు అంటుకోదు కదా.

ఇరవై నెలలు గడిచాక లెక్క తలకిందులైంది. 2022 సంక్రాంతికి ఒమిక్రాన్ వచ్చింది. దగ్గు వినపడని ఇల్లు లేదు. పండక్కి హైదరాబాదు నుంచి దిగినవాళ్లు దగ్గుతూనే అరిసెలు తిన్నారు, తుమ్ముతూనే కోడిపందేల కబుర్లు చెప్పుకున్నారు. పరీక్ష చేయించుకోమంటే, ‘చేయించుకుంటే ఉందంటారు, ఎందుకొచ్చిన గొడవ’ అన్నారు. రోగం లేని రోజుల్లో ముళ్లకంపలు వేసినవాళ్లూ, రోగం నడింట్లో ఉండగా భోగిమంట వేసినవాళ్లూ ఒకరే. మధ్యలో జరిగిందేమిటంటే చాలామంది జబ్బకు రెండు సూదులు పడ్డాయి. అంతమాత్రాన అంతా సూది మహిమే అనడం కూడా సరికాదు. ఒమిక్రాన్ కాస్త మెత్తని రకం. చాలామందికి అప్పటికే ఒకసారి వచ్చిపోయింది. అన్నింటికీ మించి, భయపడీ పడీ మనుషులు అలిసిపోయారు.

మధ్యలో 2021 ఏప్రిల్, మే నెలలున్నాయి. వాటి గురించి ఇదే గొంతుతో రాయడానికి చెయ్యి రాదు. ఆ రోజుల్లో భయం భ్రమ కాదు. ఆక్సిజన్ సిలిండరు బరువెంతో, ఎన్ని గంటలు వస్తుందో సామాన్యుడు నోటిలెక్కగా చెప్పగలిగిన కాలమది. ఆ ఉధృతి ఇంకా పూర్తిగా తగ్గకముందే, జూన్ 4న, శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు తన 97వ ఏట కన్నుమూశారు. తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లుండాలని 1997లో కథానిలయం తెరిచిన మనిషి. అలాంటి ఆయన పోతే వీధి నిండాలి. మధ్యాహ్నం దాటితే కర్ఫ్యూ ఉన్న రోజుల్లో వీధి నిండటమే తప్పు. అక్షరానికి ఇల్లు కట్టినాయనకు సంతాపాలు చాలావరకు ఫోను తెరల మీదే జరిగాయి.

భయం మనిషి చేత చేయించే పనులకు పలాస ఒక సాక్ష్యం. 2020 జూన్‌లో అక్కడ చనిపోయిన ఒక పెద్దాయనకు కరోనా ఉందని తేలగానే అందరూ దూరం జరిగారు. చివరికి పీపీఈ కిట్లు తొడుక్కున్నవాళ్లు శవాన్ని జేసీబీ తొట్టిలో పెట్టి శ్మశానానికి తీసుకువెళ్లారు. ఆ వీడియో దేశమంతా చూసింది. ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. శవం దగ్గదనీ, తుమ్మదనీ తెలియనివారు కాదు వాళ్లెవరూ. తెలిసినదాన్ని భయం చెల్లనివ్వలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న, పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ పరిధిలోని అడవికొత్తూరు పొలాల్లో గుర్తు తెలియని శవం ఒకటి దొరికింది. మోయడానికి ఊళ్లోవాళ్లు ముందుకు రాకపోతే, మహిళా ఎస్సై ఒకరు స్వయంగా స్ట్రెచర్ కొమ్ము భుజాన వేసుకుని, పొలం గట్ల మీద దాదాపు రెండు కిలోమీటర్లు నడిచారు. ఆ వీడియోనూ దేశమంతా చూసింది. ఒకే నేల, ఏడెనిమిది నెలల ఎడం. రెండోది చూసినప్పుడు మెచ్చుకోలు కన్నా ముందు కలిగింది ఒక తేలిక. మనుషులు శవాల దగ్గరికి వెళ్లడం మరిచిపోలేదన్నమాట.

టీకాకు కూడా ముందు భయమే ఎదురొచ్చింది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలైన సూది, మార్చి 1కి అరవై దాటినవాళ్ల దాకా వచ్చింది. ఆశా కార్యకర్తలూ వాలంటీర్లూ గుమ్మం గుమ్మం తిరిగి పిలిచినప్పుడు, పొలంలో పనుందన్నవాళ్లూ, బావమరిది పెళ్లి అయ్యాక చూద్దామన్నవాళ్లూ, పెరటి గుమ్మం నుంచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఏప్రిల్ చివరికి రోగం ముదిరి, టీకాలకు కటకట వచ్చేసరికి, వాళ్లే తెల్లారకుండా టోకెన్ల వరసలో నిలబడ్డారు. దొరికినన్నాళ్లూ అనుమానం, దొరకని రోజు ఆత్రం.

వరసలో చోటు దొరికినా సూది దొరుకుతుందని లేదు. కోవిషీల్డ్ సీసాలో పది మోతాదులుంటాయి. మూతకు సూది గుచ్చిన నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదా పారెయ్యాలి. కాబట్టి పదిమంది పోగైతేగానీ ఏఎన్‌ఎమ్ సీసా ముట్టేది కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక గ్రామ సచివాలయం గదిలో ఎనిమిదిమందిమి కూర్చుని, తొమ్మిదోవారి కోసం గుమ్మం వైపు చూస్తున్నాం. గోడ మీద ‘రెండు గజాల దూరం’ అన్న కాగితం. దాని కింద బల్ల మీద భుజాలు రాసుకుంటూ మేం. మాస్కులు గడ్డాల కిందికి జారి ఉన్నాయి. కిటికీ పక్క కూర్చున్న ముసలమ్మకు ఓపిక నశించింది.

“ఇద్దరి కోసం నన్ను కూకోబెట్టీసినావేటమ్మా? నాకు పనున్నాది. బేగి పొడిసీయమ్మా.”

“ఇంకో ఇద్దరొస్తే తెరుస్తాను మామ్మా, కూర్చో,” అంది ఏఎన్‌ఎమ్, రిజిస్టరు లోంచి తలెత్తకుండా.

పక్కన కూర్చున్న కుర్రవాడు ముసలమ్మను ఆటపట్టించాడు. “మామ్మా, రెండ్రోజులు జొరం వచ్చీస్తాదంట. నీకు బయం నేదా?”

“జొరానికేటి బయం? నానెన్ని జొరాలు సూడనేదు! ఈ రోగమొచ్చింకాడ నుంచి నా మనవడు గుమ్మం కాడే ఆగిపోతన్నాడు. దానికిరా నా బయం.”

గదిలో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మొగుడూ పెళ్లాం జంటగా వచ్చారు, పది పూర్తయింది. సూది పడ్డాక అరగంట కూర్చోమన్నారు. ఆ అరగంటలో పదిమందీ ఎవరి ఒంట్లోకి వాళ్లు తొంగిచూసుకున్నారు. ఇప్పుడు కళ్లు తిరిగాయా, లేదా? ఇది టీకా దురదా, దోమ దురదా? ముసలమ్మ మాత్రం పారాసిటమాల్ బిళ్లల్ని కొంగున ముడేసుకుని, గడియారం పావుగంట చూపిస్తుండగానే లేచి వెళ్లిపోయింది. ఆమెకు కావలసింది యాంటీబాడీలు కావు. గుమ్మం దాటి లోపలికి వచ్చే మనవడు.

ఆ ముసలమ్మ మాటలో నాకు తోచింది ఇది. టీకా రోగాన్ని పూర్తిగా ఆపదనీ, వస్తే ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాస్తుందనీ వైద్యులు అప్పుడే చెప్పారు, తర్వాతి కాలం దాన్ని నిలబెట్టింది. అంతవరకు శాస్త్రం పని. దాంతోపాటు టీకా ఇంకొకటి కూడా ఇచ్చింది, భయపడటం మానుకోవడానికి ఒక అనుమతి. ఏడాదిపాటు భయం మనకు సద్గుణమై కూర్చుంది. భయపడేవాడు బాధ్యత తెలిసినవాడు, భయపడనివాడు మూర్ఖుడు. అటువంటి భయాన్ని ఊరికే వదిలేస్తే పోయినవాళ్లకు అపచారం చేసినట్టుంటుంది. వదలడానికి మర్యాదైన కారణమొకటి కావాలి. ఫోనులోకి వచ్చిన సర్టిఫికెట్ ఆ కారణం. అందులో మన ఫొటో ఉండేది కాదు, ప్రధానమంత్రి ఫొటో ఉండేది. అయినా అది మన ధైర్యానికి గుర్తింపు కార్డు.

మనవైపు సముద్రానికి ఒక పద్ధతుంది. తుపాను పుడితే కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో నంబరు వేసి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఒకటో నంబరంటే ఎక్కడో దూరాన ఏదో కదిలిందని. నంబరు పెరిగేకొద్దీ పడవలు ఒడ్డుకెక్కుతాయి, వలలు చుట్టబెడతారు. పదో నంబరంటే పిల్లాజెల్లాతో తుపాను షెల్టరుకు నడవాలి. భయాన్ని ఇలా మెట్లుగా కొలవడం తీరంవాళ్లకు పుట్టుకతో వస్తుంది. ఒకటో నంబరుకు పరిగెత్తేవాణ్ని చూసి నవ్వుతారు, పదో నంబరుకు పరిగెత్తనివాణ్ని చూసి తిడతారు. కరోనా వచ్చినప్పుడు జనాన్ని కలవరపెట్టింది దానికి మెట్లు లేకపోవడమే. పాలప్యాకెట్టూ పదో నంబరే, పక్కింటివాడూ పదో నంబరే, కూరగాయల సంచీ కూడా పదో నంబరే. టీకాలు పడ్డాక ఆ రోగానికీ ఒక నంబరు వచ్చింది. చిన్నదో పెద్దదో, మనిషిని బట్టీ వయసును బట్టీ మారేదో, మొత్తానికి ఒక నంబరు. నంబరున్న ప్రమాదంతో కాపురం చెయ్యడం ఈ నేలకు కొత్తకాదు.

ఉద్దానం సంగతి చూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరితోటల పచ్చదనం కింద దశాబ్దాలుగా మూత్రపిండాలు పాడైపోతున్న ఊళ్లు. నీళ్లను పరీక్షించారు, మట్టిని పరీక్షించారు, ఇదీ కారణమని ఒక్కమాటగా ఇంతవరకు తేలలేదు. పలాసలో పెద్ద కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. లాక్‌డౌన్‌నాటికి అది లేదు. ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి అని దేశమంతా చెబుతున్నప్పుడు, ఈ ఊళ్లలో డయాలసిస్ మీద బతికేవాళ్లకు ఇంట్లో ఉండటమే అసలు ప్రమాదం. వారానికి రెండుమూడుసార్లు పోలీసుల అడ్డుగెడలు దాటుకుని, సోంపేటకో టెక్కలికో వెళ్లి, నలుగురు రోగుల మధ్య నాలుగు గంటలు యంత్రానికి రక్తం అప్పగించి పడుకోవాలి. వైరస్ గురించి వాళ్లకు తెలియదా? తెలుసు. అది వస్తే అందరికన్నా ముందు తమనే పట్టుకుపోతుందనీ తెలుసు. భయపడే తీరిక వాళ్లకు లేదు. మనం భయాన్ని జాగ్రత్తగా పెంచి పోషించుకున్నామంటే, ఇంటి గడప లోపల బతుకు సాగిపోయే వెసులుబాటు మనకు ఉండబట్టే.

ఆ ఉద్దానంలోనే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది. తాతలు వేసిన కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా పడ్డాయి. జీడితోటలు పోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లలో ఇంకో తుపాను రాదని ఎవరూ మాట ఇవ్వలేదు. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటనే దాటింది. అయినా పడిన చెట్టు తీసిన గోతిలోనే పిల్లమొక్కను పెట్టారు, అదే గాలికి, అదే సముద్రానికి ఎదురుగా. దీన్ని ధైర్యమంటే ఆ రైతుకు నవ్వొస్తుంది. మరింకేం వేస్తాం, ఈ ఇసకలో కొబ్బరే కదా పండేది అంటాడు. ప్రమాదాన్ని ఒప్పుకున్నానని అతను ఎక్కడా సంతకం పెట్టలేదు. గొయ్యి తవ్వడంతోనే ఒప్పుకున్నట్టయింది.

ఇక రోజువారీ ప్రమాదాల దగ్గర మన ఉదారత చూడాలి. మనదేశంలో రోడ్ల మీద ఏటా లక్షన్నర మందికి పైగా పోతున్నారు. దానికి బులెటిన్ లేదు, కర్ఫ్యూ లేదు, ఆరడుగుల దూరం లేదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ముందున్న పాసింజరును వెనక నుంచి ఇంకో పాసింజరు గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. మర్నాటికి లైను బాగుచేశారు, బండ్లు నడిచాయి, కూలిపనికి వెళ్లేవాళ్లు ఎక్కారు. ఎక్కినవాళ్లకు గుండె లేదనుకోవడానికి లేదు. ఆ ఊరి పక్క నుంచి బండి వెళ్తుంటే మాటలు ఆపి కిటికీలోంచి చూసే ఉంటారు. చూసి, మళ్లీ మాటల్లో పడివుంటారు. పాత ప్రమాదం ఇంటి మనిషైపోతుంది. కొత్తది ఎంత చిన్నదైనా అపరిచితుడే, తలుపు సందులోంచే మాట్లాడతాం.

ఈ కొత్త పాతల సంగతి పైడితల్లి అమ్మవారికి బాగా తెలుసు. బొబ్బిలి యుద్ధంనాటి, అంటే 1757 నాటి విజయనగరం ప్రభువు విజయరామరాజుకు ఆమె చెల్లెలని చెబుతారు. విజయదశమి వెళ్లిన మంగళవారం ఆమె సిరిమానోత్సవం. పొడవాటి చింతమానును ఒలిచి, రథానికి అమర్చి, దాని కొస మీద కట్టిన పీటలో పూజారిని కూర్చోబెడతారు. మూడులాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. జనం మేడల మీదా చెట్ల మీదా నిలబడి సిరిమాను మీదికి అరటిపళ్లు విసురుతారు. ఇళ్ల కప్పుల ఎత్తున, గాలిలో ఊగే మాను కొసన ఒక మనిషి కూర్చుని, విసనకర్ర పట్టుకుని చల్లగా చూస్తుంటాడు. రిస్కుకు ఇంతకన్నా ఎత్తైన పీట ఎవరూ వేసి ఉండరు.

2020లో ఆ మంగళవారం అక్టోబరు 27న వచ్చింది, 2021లో 19న. రెండేళ్లూ ఆంక్షల మధ్యే సిరిమాను తిరిగింది. ఆ ఏళ్లలో ఒక తిరకాసు ఉంది. మాను మీది మనిషికి అపాయం అనుకోలేదు, కింద నేల మీద నిలబడే మనిషికే అపాయం అనుకున్నాం. 2022 అక్టోబరు 11న జనం వచ్చారు. బొటనవేలు మోపడానికి సందు లేదు. ఒకరి చెమట ఇంకొకరికి అంటుకుంటోంది, ఒకరి ఊపిరి ఇంకొకరి మెడకు తగులుతోంది. రెండేళ్ల కింద ఈ దృశ్యాన్ని ఊహించుకుంటేనే ఒళ్లు జలదరించేది. ఇప్పుడు అందరూ భయపడుతున్నది చేతిలోని పిల్ల జారిపోతుందేమోననీ, జేబులోని ఫోను పోతుందేమోననీ. భయాలు తమ తమ పాత స్థానాల్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఇటువైపు ఊరి అమ్మవార్లలో చాలామందికి రోగాలతో చుట్టరికం ఉంది. మశూచి ఒకరి చేతిలో, కలరా ఒకరి చేతిలో. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. రెండేళ్లకు దేశాన్ని మశూచి లేనిదిగా ప్రకటించారు. రోగం పోయింది, అమ్మవారు పోలేదు. పోకపోగా జాతరలు పెరిగాయి, రంగులరాట్నాలు వచ్చాయి, డీజేలు వచ్చాయి. టీకా రోగాన్ని తీసుకుపోతే, మిగిలిపోయిన భయాన్ని ఏంచెయ్యాలో తెలియక మనవాళ్లు పండగ చేసుకున్నారేమో అనిపిస్తుంది. పండితులు దీనికి వేరే కారణాలు చెప్పవచ్చు.

ఆ పండగల్లో నాకు ఎప్పుడూ ముచ్చటేసేది చివరి ఘట్టం, అనుపు. అమ్మవారిని పిలిచారు, పీట వేశారు, చలివిడి, వడపప్పు, పసుపునీళ్లు, మొక్కులు, కోళ్లు, అన్నీ అయ్యాయి. ఇక డప్పులతో ఊరి పొలిమేర దాకా నడిచి సాగనంపుతారు. వెళ్లగొడుతున్నట్టు ఒక్క మాటా ఉండదు. వెళ్లిరా తల్లీ అంటారు. మళ్లీ వస్తుందని తెలుసు కనుక కసురుకోవడం మర్యాద కాదు. కరోనాను మనం అలా పంపలేదు. ముంబయిలో ఒక కేంద్ర మంత్రిగారు ‘గో కరోనా’ అని శ్లోకంలా చదివితే దేశమంతా వంతపాడింది. పొమ్మంటే అది పోలేదు. పోదు కూడా. జలుబుల్లో కలిసి, ఏడాదికోసారి పేరు మార్చుకుని తిరుగుతూనే ఉంది. ఇటు అనుపు జరగలేదు, అటు బహిష్కారమూ జరగలేదు. ఈ భయం పొలిమేర దాటిందో లేదో ఎవరికీ రూఢిగా తెలియకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

దాటలేదనడానికి 2024లో ఒక ఆనవాలు దొరికింది. ఆ ఏప్రిల్ చివర, కోవిషీల్డ్ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా సంస్థ, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే ఇబ్బంది రావచ్చని ఇంగ్లండులో కోర్టుకు ఒప్పుకుందన్న వార్త వచ్చింది. ఆ సంగతి వైద్యులకు 2021లోనే తెలుసు. వస్తే సూది వేసుకున్న కొద్ది వారాల్లోనే వస్తుందనీ తెలుసు. మూడేళ్ల కింద వేసుకున్నవాళ్లు ఇప్పుడు జబ్బ తడుముకోవడానికి ఆధారమేమీ లేదు. అయినా తడుముకున్నాం. టీ కొట్టు దగ్గర ఒకాయన గుండెపోటులన్నీ సూది వల్లేనని తేల్చేశాడు, సిగరెట్టు వెలిగించుకుంటూ. రోగం మీది భయం టీకాతో పోతే, టీకా మీది భయం దేనితో పోవాలి? కాలంతోనే పోయింది. ఎన్నికల ఫలితాలొచ్చాయి, జనానికి వేరే రంధి దొరికింది.

అందుకని భయం వదిలేశామని చెప్పుకునేటప్పుడు కాస్త తడబడతాను. మనం వదిలామా, అదే వేరే గూట్లోకి మారిందా? 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు మన దేశంలో కోటి మందికి పైగా పోయారంటారు. అంతటి చావు గురించి మా ఇంటి పెద్దవాళ్ల నోట ఒక్క కథా వినలేదు నేను. తుపానుల కథలు విన్నాను, కరువుల కథలు విన్నాను, రంగం, అంటే రంగూన్, వెళ్లి తిరిగిరానివాళ్ల కథలు విన్నాను. ఆ జ్వరం మాత్రం ఏ అరుగు మీదికీ రాలేదు. మా మనవలకు మేం ఈ మాస్కుల కాలం గురించి చెబుతామో, మేకుకు తగిలించి మరిచిపోతామో తెలియదు. చెబితే జేసీబీ సంగతి చెప్పాలి, సీసా తెరవడం కోసం పదో మనిషికి ఎదురుచూసిన సంగతీ చెప్పాలి.

శ్రీకాకుళంలో నాకు తెలిసిన రిటైర్డు మాస్టారొకరు ఇప్పటికీ మాస్కు లేకుండా గుమ్మం దాటరు. మూడు సూదులూ వేసుకున్నారు, మనిషి దుక్కలా ఉంటారు. మొన్న ఏడురోడ్ల జంక్షన్ దగ్గర స్కూటరు మీద కనిపించారు.

“ఇంకా మాస్కేనా మాస్టారూ? కరోనా పోయింది కదండీ,” అన్నాను.

“కరోనాకి కాదు బాబూ. దుమ్ము! ఈ జంక్షన్‌లో దుమ్ము చూశావా?” అన్నారు, మాస్కు మీంచి వేలితో చూపిస్తూ.

స్కూటరు అద్దానికి హెల్మెట్ వేలాడుతోంది. అటువైపు చూశాను. ఆయనా చూశారు.

“పక్క వీధికే కదా బాబూ,” అని, లారీల మధ్య నుంచి ముందుకు పోనిచ్చారు.